ఏటి పంచాంగం

చలి ముదిరిందంటే ఒక వాదన మళ్ళీ మొదలవుతుంది. ఈ వారమూ అదే వినిపించి చిరాకు పెట్టింది. హిమాచల్‌లోని కులూ జిల్లాలో పారే తీర్థన్ నదిలో నవంబరు 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా ట్రౌట్ వేట నిషేధం. అమెరికాలో జనవరి మంచులో నిలబడి ట్రౌట్ పడతారు, పట్టింది పట్టినట్టే వదిలేస్తారు, చేపకేమీ కాదు, మన దగ్గరే ఈ తాళం ఎందుకు అన్నది ప్రశ్న. అడిగేవాళ్ళలో సెలవులకు మనాలి వైపు వెళ్ళొచ్చే హైదరాబాదు, విశాఖ వాళ్ళున్నారు. డెన్వర్‌లో స్థిరపడి ఫ్లై ఫిషింగ్ నేర్చుకున్న తెలుగువాళ్ళూ ఉన్నారు. వాదనలో సగం నిజం ఉంది, అందుకే చిరాకు ఎక్కువ. ఈ కాలమ్ చదివేవారికి నా పాత పాట తెలుసు: నియమం ఏ నదికి ఆ నదిని చూసి రాయాలి, గోడమీది క్యాలెండర్ చూసి రాయకూడదు. ఆ మాటకు కట్టుబడితే, తేదీలు వేసి నదికి తాళం పెట్టడాన్ని నేనే ముందు ప్రశ్నించాలి. కాబట్టి తాళం తీయమనేవారి వైపే మొదట నిలబడి చూద్దాం.

వాళ్ళు చెప్పే నది కొలరాడోలోని సౌత్ ప్లాట్. డెన్వర్‌కు తాగునీళ్ళిచ్చే ఏరు అది. చీస్‌మన్ ఆనకట్ట కింది లోయ మొదలుకొని డెకర్స్ అనే చిన్న ఊరి దాకా ఏడాది పొడుగునా అక్కడ వేట సాగుతుంది. ఈ విద్య మొత్తంలో అక్కడి చలికాలపు వేటంత సూక్ష్మమైనది ఇంకొకటి లేదని నా నమ్మకం. వేసవిలో ట్రౌట్ నీటి పైకొచ్చి పురుగును అందుకుంటుంది, పక్కన ఉన్న పిల్లవాడికి కూడా కనిపిస్తుంది. జనవరిలో చేప ఒళ్ళు నీళ్ళంత చల్లబడి, అరుగుదల మందగించి ఉంటుంది. తిండి కోసం ఖర్చుపెట్టే బలం తిండిలో దొరికే బలాన్ని మించిపోకూడదు గనక, లోతైన మడుగులో, నెమ్మదిగా పారే నీటిలో, నేలకు ఆనుకున్నట్టు ఉండిపోతుంది. ఎర దాని మూతి ముందుకే రావాలి. ఆ రోజుల్లో దానికి ముఖ్యంగా దొరికే తిండి మిడ్జ్, దోమలా ఉండే కుట్టని చిన్న పురుగు. ఇరవై నాలుగో నంబరు గాలానికి నల్లదారం నాలుగు చుట్లు వేసి, సన్నని రాగితీగ బిగిస్తే ఆ పురుగు పిల్ల తయారవుతుంది. మొత్తం కలిపి నువ్వుగింజంత. దాన్ని కట్టే దారం మందం మిల్లీమీటరులో పదో వంతు. పైన తేలే బెండు చేప ముట్టగానే బుడుంగున మునుగుతుందని ఎదురుచూస్తే ఆ రోజంతా ఎదురుచూపే. నీటితో సమంగా పోతున్న బెండు ఒక్క క్షణం తటపటాయిస్తుంది, అంతే. ఆ క్షణంలో మణికట్టు లేవకపోతే చేప ఎరను ఉమ్మేసి ఊరుకుంటుంది. ఈలోగా కర్రమీద దారం దూరే రింగుల్లో మంచు పూసలు కట్టేస్తుంది. వేళ్ళతో వాటిని చిదుముకుంటూ పదకొండు నుంచి మూడింటి దాకా ఉన్న కాస్త వెచ్చదనంలోనే పని కానివ్వాలి. ఇంత ఓర్పు నేర్పే వేటను మన దేశంలో ఎవరైనా కోరుకుంటే తప్పు పట్టడానికి లేదు.

చేపకేమీ కాదన్న మాటకు కూడా కొంత ఆధారం ఉంది. నీళ్ళు చల్లబడేకొద్దీ వాటిలో ఆక్సిజన్ ఎక్కువగా కరుగుతుంది: సముద్రమట్టం దగ్గరి లెక్కలో 20 డిగ్రీల నీటికి లీటరుకు 9 మిల్లీగ్రాముల చిల్లరైతే, సున్నా డిగ్రీల దగ్గర 14కు పైనే. వేసవిలో 20 డిగ్రీలు దాటిన నీటిలో పెనుగులాడిన ట్రౌట్ వదిలేశాక కూడా కోలుకోలేక చచ్చిపోవచ్చు. అందుకే అమెరికాలోని మోంటానాలో ఎండలు మండే రోజుల్లో మధ్యాహ్నం నుంచి వేట ఆపేస్తారు. ఆ రకంగా చలికాలం చేపకు మేలే. ప్రాణం తీసేది గాలి. ఫెర్గుసన్, టఫ్ట్స్ అనే ఇద్దరు పరిశోధకులు రెయిన్‌బో ట్రౌట్‌లను సొమ్మసిల్లేదాకా తరిమి, 1992లో ఫలితాలు ప్రకటించారు. నీళ్ళలోనే ఉంచిన చేపల్లో 12 శాతం చనిపోయాయి. 30 సెకన్లు గాలిలో పెట్టినవాటిలో 38 శాతం, 60 సెకన్లు పెట్టినవాటిలో 72 శాతం పోయాయి. ప్రయోగశాలలో తరిమినంతగా గాలానికి పడిన ప్రతి చేపా అలిసిపోదు, నిజమే. అయినా ఫొటోకి పైకెత్తి పట్టుకునే నిమిషం ఎంత ఖరీదైనదో ఆ అంకెలు చెబుతాయి. గడ్డకట్టే చలిలో తడి మొప్పలకు మంచు పట్టే ప్రమాదం దానికి తోడు. కానీ ఇది వేటగాడి చేతిలో ఉన్న విషయం. ముల్లుకు వెనకకొక్కెం లేకుండా చూసుకుని, చేపను నీళ్ళలోంచి ఎత్తకుండానే విడిపిస్తే చాలు. ఇక్కడిదాకా వచ్చి ఆగితే తీర్థన్ తాళం తీసేయమనే నేనూ అనాలి.

అయితే సౌత్ ప్లాట్ జనవరిలో ఎందుకు పారుతోందో అడగకుండా ఆగకూడదు. డెకర్స్ చుట్టుపక్కల ఆ నెలలో గాలి సున్నాకు ఎంతో కిందికి పోతుంది. ఆ చలిలో కొండ ఏరు ఒడ్డు నుంచి ఒడ్డుకు మంచు కప్పుకుని ఉండాలి. ఉండకపోవడానికి కారణం 1905లో పూర్తయిన, 221 అడుగుల ఎత్తున్న రాతి ఆనకట్ట. నీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటుంది. ఇంకా చల్లబడితే తేలికై పైకి చేరి గడ్డకడుతుంది. అందుకని జలాశయం పైన మంచు పలక పరుచుకున్నా అడుగున 4 డిగ్రీల నీరు భద్రంగా ఉంటుంది. ఆనకట్ట అడుగు తూముల నుంచి వచ్చేది ఆ నీరే. గాలితో పోలిస్తే వెచ్చన, మట్టి పేరుకోని తేట, వరదా ఎండా లేని నిలకడ. ఆ నిలకడలో మిడ్జ్ పురుగులు నెలనెలా పుట్టుకొస్తాయి, చేప చలికాలంలోనూ ఒళ్ళు చేస్తుంది. అక్కడి జనవరి వేట పూర్తిగా ఆ తూము చలవ. ఆ వేటను పొగిడేవాళ్ళు ఆనకట్ట ఊసు ఎత్తరు. ఎత్తితే పోలిక అక్కడే తెగిపోతుంది.

తీర్థన్‌కు అలాంటి తూము లేదు. గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కు మంచుకొండల్లో పుట్టి, లార్జీ దగ్గర బియాస్‌ను చేరేదాకా దానికి జలాశయమంటూ అడ్డం లేదు. చలికాలంలో పై మంచు కరగదు, ఊట నీరే ఆధారం. ఏడాది మొత్తంలో నది సన్నబడేది అప్పుడే. సరిగ్గా ఆ రోజుల్లోనే బ్రౌన్ ట్రౌట్ గుడ్లు పెడుతుంది. ఆడ చేప మోకాలి లోతు నీటిలో, గోలీకాయంతా నిమ్మకాయంతా ఉన్న గులకరాళ్ళ మీద పక్కకు ఒరిగి తోకతో కొడుతుంది. రాళ్ళు లేచి దిగువకు దొర్లి, చేటంత గుంట పడుతుంది. పాచి పట్టిన నది నేల మీద ఆ మేర మాత్రం ఇప్పుడే కడిగినట్టు తెల్లగా కనిపిస్తుంది. గుంటలో గుడ్లు విడిచాక, మగ చేప పాలు విడిచాక, ఆడది కాస్త ఎగువకు జరిగి మళ్ళీ తోకతో కొట్టి ఆ రాళ్ళతోనే గుడ్లను కప్పేస్తుంది. నది ఆ రాళ్ళ సందుల గుండా పారుతూ వాటికి ఊపిరి పోస్తుంది. బూటు వేసుకుని నీళ్ళలో దిగేవాడికి నడవడానికి అనువుగా కనిపించే చోటూ అదే: లోతు తక్కువ, బండలు లేవు, కాలు జారదు. రాబర్ట్స్, వైట్ అనే పరిశోధకులు మోంటానాలో ఇలాంటి గుంటల మీద మనిషి నడిస్తే ఏమవుతుందో లెక్కగట్టి, 1992లోనే ప్రకటించారు. గుడ్డు పెట్టింది మొదలు పిల్ల రాళ్ళలోంచి బయటికొచ్చేదాకా రోజుకు రెండుసార్లు నడిచిన చోట గుడ్లూ పిల్లలూ కలిపి 96 శాతం దాకా చచ్చిపోయాయి. గుడ్లు పగిలి పిల్లలు రాబోయే ముందు ఒక్కసారి నడిస్తేనే 43 శాతం దాకా పోయాయి. చేపను ఎంత సున్నితంగా వదిలినా, దాన్ని పట్టడానికి వేసిన అడుగును వెనక్కి తీసుకోలేం. పట్టి వదిలేయడం అన్న సమాధానం ఈ ప్రశ్నకు తగలనే తగలదు.

సౌత్ ప్లాట్‌లోనూ బ్రౌన్ ట్రౌట్ చలికి ముందే గుడ్లు పెడుతుంది కదా, అక్కడ నడవడం లేదా అని అడగవచ్చు. నడుస్తున్నారు, నష్టమూ ఉంటుంది. ఆ తెల్ల గుంటలకు దూరంగా ఉండమని అక్కడి అనుభవజ్ఞులు కొత్తవాళ్ళకు చెబుతూనే ఉంటారు. ఏడాదంతా మేత దొరికే ఏరు కొంత నష్టాన్ని పూడ్చుకోగలదు. చలికి నాలుగు మడుగులకు కుంచించుకుపోయే ఏరు పూడ్చుకోలేదు. ఒడ్డునే నిలబడి గాలం వేస్తామంటే, బండరాళ్ళ మధ్య దూకే తీర్థన్‌లో ఒక మడుగు నుంచి ఇంకో మడుగుకు నీళ్ళు దాటకుండా పోవడం చాలాచోట్ల కుదరదు. వేటగాళ్ళు లేని నదికి దొంగలు వస్తారన్న అభ్యంతరం ఇంతకన్నా బలమైనది. బ్లీచింగ్ పౌడరు పోసి మడుగుకు మడుగు చంపేసేవాళ్ళకు నిర్మానుష్యమైన ఒడ్డే కావాలి. కానీ దానికి మందు ఒడ్డున మనుషులు తిరగడం. కర్ర లేకుండా కూడా తిరగవచ్చు. ఆ లోయలో అతిథిగృహాలు నడుపుకునేవాళ్ళ బతుకు ఈ చేపతో ముడిపడి ఉంది గనక వాళ్ళకంటే మంచి కాపలా ఉండదు.

ట్రౌట్ పరదేశి కదా అన్నది అన్నిటికన్నా కష్టమైన అభ్యంతరం. కులూ నీళ్ళలోకి 1909లో తెల్లదొరలు తమ సరదా కోసం తెచ్చి వదిలిన చేపకు పురిటి సెలవు ఎందుకు, అక్కడే పుట్టిన స్నో ట్రౌట్ మాటేమిటి అంటారు. ఈ మాటను తేలిగ్గా తీసిపారేయలేను. తీర్థన్‌లో బ్రౌన్ ట్రౌట్ తగ్గాలని ఎవరైనా సాక్ష్యాలతో వాదిస్తే వినాలి, తేల్చాలి. కానీ ఆ పని బూటు కింద జరగకూడదు. ఆ గులకరాళ్ళ సందుల్లో ట్రౌట్ గుడ్లతోపాటు నీటి పురుగుల పిల్లలుంటాయి. వాటిమీద బతికే పిట్టలూ చేపలూ ఉంటాయి. తొక్కితే అన్నిటికీ దెబ్బే.

తేదీల విషయంలో మన గోదావరే నాకు గుర్తొస్తుంది. తూర్పు తీరంలో మర పడవల మీద ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ఉంటుంది, సముద్రపు చేపలు గుడ్లు పెట్టే కాలమని. పులస గోదావరి ఎక్కేది ఆ గడువు ముగిశాక, ఎర్రనీరు వచ్చాక, జులై నుంచి. గుడ్లు పెట్టడానికే ఎదురీదుతూ వచ్చే చేప ధవళేశ్వరం దిగువన, సరిగ్గా ఆ వేళకే, వలలో పడుతుంది. సముద్రానికి సరిపోయే తేదీలు పులసకు సరిపోవు. అదే కొలతతో తీర్థన్ తేదీలను కొలిచి చూశాను, తప్పు పట్టాలనే. బ్రౌన్ ట్రౌట్ గుడ్డు పొదగడానికి, రోజూ నీటి డిగ్రీలను కూడుకుంటూ పోతే, 400 పైచిలుకు కావాలి. 10 డిగ్రీల నీటిలో నెలా పదిరోజులు చాలు. 4 డిగ్రీల నీటిలో మూడు నెలలు దాటుతుంది. నవంబరు మధ్యలో పెట్టిన గుడ్డుకు ఫిబ్రవరి నెలాఖరు గడువు అలా వస్తుంది. క్యాలెండర్ చూసి రాశారని నేననుకున్న నియమం నది లెక్కకే వచ్చి నిలిచింది. అందుకని తాళం తీయమనడం లేదు. తీసే రోజే కాస్త తొందరపాటుగా ఉందంటున్నాను.

ఎందుకంటే పొదగడంతో పని అయిపోదు. పిల్ల గుడ్డులోంచి వచ్చాక కూడా పొట్టకింద సొన సంచితో ఆ రాళ్ళ కిందే ఇంకొన్ని వారాలు ఉంటుంది, ఈదలేదు, పారిపోలేదు. మార్చి 1న బంజార్ దాటి నాగిని, గుషైణి వైపు కర్రలు పట్టుకుని వచ్చేవాళ్ళలో తెలుగువాళ్ళు ఎవరైనా ఉంటే, మొదటి నెల ఒడ్డు బండల మీదనుంచి అందినంత మేరకే గాలం వేయండి. దాటక తప్పకపోతే పెద్ద బండ మీదనుంచి పెద్ద బండ మీదికి దాటండి. నవంబరులో తెల్లగా మెరిసిన గుంటలు అప్పటికి పాచి పట్టి చుట్టూ ఉన్న నేలలో కలిసిపోయి ఉంటాయి. పిల్లలు మాత్రం ఇంకా వాటి కిందే ఉంటాయి.