ఒక్కటి కావాల్సినవాడి లెక్క

రేడియో సొంతంగా కట్టుకునేవాళ్లకు టీ50-2 గురించి వేరే చెప్పక్కర్లేదు. అర అంగుళం అడ్డం ఉండే చిన్న రింగు. మెత్తటి ఇనుప పొడిని అచ్చులో నొక్కి చేస్తారు. ఒళ్లంతా ఎర్ర రంగు, ఒక పక్క మాత్రం రంగు ఉండదు. రెండు గ్రాములు కూడా తూగదు. అమెరికాలో విడిగా కొన్నా డాలరు లోపే దొరుకుతుంది. దాని మీద రాగి తీగ చుడితే షార్ట్‌వేవ్ రేడియోకు కావలసిన కాయిల్ తయారు. హైదరాబాదులో సైబర్ టవర్స్ దగ్గర మొదలుపెట్టి నానక్‌రామ్‌గూడ దాకా వెళ్తే దారి పొడుగునా చిప్‌లు డిజైన్ చేసే ఇంజినీర్లే. ఆ దారిలో ఈ రింగు అమ్మే కొట్టు నాకింతవరకు ఒక్కటీ కనబడలేదు.

కాబట్టి బయటి నుంచి తెప్పించుకోవాలి. రింగు ధర గురించి అందరం మాట్లాడతాం గానీ, అసలు ఖర్చు రింగుది కాదు. కొరియర్ కంపెనీలు అర కిలో మెట్టుతో లెక్క మొదలుపెడతాయి. నా కవరు ముప్పై గ్రాములున్నా అర కిలో కిందే జమ. పైగా డబ్బా పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. ఆ అంకె నిజం బరువు కన్నా ఎక్కువైతే దానికే డబ్బు కట్టాలి. అమ్మేవాడు పగలకుండా ఉండాలని పెద్ద డబ్బాలో గాలి మూటలు కూరి పంపితే, ఆ గాలికి కూడా మనమే విమాన ఛార్జీ కడతాం. తపాలాలో చిన్న ప్యాకెట్‌గా పంపితే చాలా చవక. కానీ అది ముంబయిలోనో చెన్నైలోనో విదేశీ తపాలా కేంద్రంలో దిగాక ఎప్పుడు కదులుతుందో ఎవరూ చెప్పలేరు.

తర్వాత కస్టమ్స్. సొంత వాడకానికి తెప్పించుకునే సరుకుకు టారిఫ్‌లో 9804 అని ఒక హెడ్డింగ్ ఉంది. పెన్ను పాళీ, వాటర్ కలర్ కుంచె, గిటారు తీగ, నా ఎర్ర రింగు, ఏదైనా ఆ గంప కిందికే వెళ్తుంది. కొన్నేళ్ల పాటు హాబీ ఉన్నవాళ్లందరికీ కంఠతా వచ్చిన అంకె 42.08. అది ఎలా వచ్చేదో చూడండి. సరుకు విలువ వంద అనుకుంటే బేసిక్ డ్యూటీ పది. ఆ పది మీద పదో వంతు, అంటే ఒక రూపాయి, సోషల్ వెల్ఫేర్ సర్‌ఛార్జి. ఇప్పుడు నూట పదకొండైంది. దాని మీద 28 శాతం ఐజీఎస్టీ, 31.08. పన్ను మీద మళ్లీ పన్ను పడుతుంది కాబట్టే విడివిడి శాతాలు కూడితే వచ్చేదానికన్నా అసలు బిల్లు ఎక్కువొస్తుంది. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ శ్లాబులు మారినప్పుడు ఆ 28 కాస్తా 18 అయింది. మధ్యలో పైకి పోయిన బేసిక్ డ్యూటీని 20 నుంచి 10 శాతానికి దించుతున్నట్టు 2026-27 బడ్జెట్లో ఆర్థిక మంత్రి ప్రకటించారు. సొంతానికి తెప్పించుకునేవాడిని బడ్జెట్ ప్రసంగంలో తలచుకోవడం అరుదు. నాకు నిజంగా సంతోషం కలిగింది.

ఈ పన్ను వస్తువు ధర ఒక్కదాని మీదే కాదు, రవాణా, బీమా కూడా కలిపిన మొత్తం మీద పడుతుంది. ఇక్కడ చాలామందికి తెలియని ఒక వెసులుబాటు ఉంది. 2007 నాటి కస్టమ్స్ వాల్యుయేషన్ నిబంధనల ప్రకారం విమానంలో వచ్చే సరుకుకు రవాణా ఖర్చు ఎంతైనా, పన్ను లెక్కలో వస్తువు విలువలో ఇరవై శాతానికి మించి కలపకూడదు. వెయ్యి రూపాయల రింగులకు మూడు వేలు విమాన ఛార్జీ కట్టామనుకోండి, పన్ను వేసేటప్పుడు ఆ మూడు వేలను రెండు వందలుగానే చూడాలి. డెలివరీకి వచ్చిన కుర్రాడి చేతిలో ఉండే కాగితం మీద మొత్తం ఒక్కటే ఉంటుంది. అసెస్‌మెంట్ కాగితం విడిగా అడిగి తీసుకుని, రవాణా గడిలో ఎంత రాశారో చూసుకోవాలని నేను అందరికీ చెబుతుంటాను. ఎక్కువ వేశారని తేలితే అడిగే హక్కు మనకుంది.

ఇంతా చేసి, నన్ను కుంగదీసేది డ్యూటీ కాదు. దేశం తన సరిహద్దు దగ్గర పన్ను వేసుకుంటుంది, కడతాం. కష్టమల్లా దానితో పాటు వచ్చే స్థిరమైన ఖర్చులతోనే. మా తరఫున డ్యూటీ ముందే కట్టినందుకు కొరియర్ వాళ్ల ఫీజు, కాగితాలు నడిపినందుకు మరో ఫీజు, వాటి మీద జీఎస్టీ. వెయ్యి రింగులు తెప్పించినా పది తెప్పించినా ఈ శ్రమ దాదాపు ఒకటే గనుక ఫీజు కూడా దాదాపు ఒకటే. వెయ్యి మీద పంచితే పైసల్లో పోయే ఖర్చు పది మీద పడితే రింగును మింగేస్తుంది. వ్యాపారికి ఇది లెక్కలోకి రాదు. ప్రయాణికుడు సూట్‌కేసులో తెచ్చుకుంటాడు, అతనికి వేరే నియమం. ఒక్కటి కావాల్సినవాడు, ఆ ఒక్కదాన్నీ ఇంట్లో కూర్చుని తెప్పించుకోవాల్సినవాడు, ఎక్కడా సరిగ్గా ఇమడడు.

ఒకప్పుడు అతనికి ఒక కిటికీ ఉండేది. ఐదు వేల రూపాయల లోపు బహుమతులకు డ్యూటీ లేకుండా వదిలేవారు. అమ్మేవాళ్లందరూ పార్సిల్ మీద 'గిఫ్ట్' అని రాయడం మొదలుపెట్టారు. ఊరికే పోతుందా? 2019 డిసెంబరు 12న విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ (డీజీఎఫ్‌టీ) నోటిఫికేషన్ వచ్చింది. ప్రాణాలు కాపాడే మందులు, రాఖీలు తప్ప తపాలాలోగానీ కొరియర్లోగానీ బహుమతి పేరుతో ఏదీ రాకూడదంది. ఇప్పటికీ కొందరు విదేశీ అమ్మకందారులు అడక్కుండానే 'గిఫ్ట్' అని రాసి, విలువ సగానికి తగ్గించి పంపుతారు. మనకు మేలు చేస్తున్నామనే వాళ్ల ఉద్దేశం. ఆర్డర్ పెట్టేటప్పుడే నేను రాస్తాను: గిఫ్ట్ అని రాయొద్దు, నేను కట్టిన ధరే వేయండి, ఇన్‌వాయిస్ పైన అతికించండి. అబద్ధపు కాగితంతో వచ్చిన రేడియోలో మాట్లాడడం నాకు చేతకాదు.

హైదరాబాదులో ఈ గొడవ కొత్తదేం కాదు. దేశంలో హామ్‌లు, అంటే లైసెన్సు తీసుకుని అభిరుచి కోసం సొంత రేడియో నడిపేవాళ్లు, చాలాకాలం యుద్ధకాలపు మిలిటరీ రేడియోలను మరమ్మతు చేసుకుని బతికారు. విదేశీ సెట్టు మీద పన్ను భరించలేనంత ఉండేది. పన్ను తీసేయమని వాళ్లు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. 1984లో రాజీవ్ గాంధీ వైర్‌లెస్ పరికరాలపై దిగుమతి సుంకం మాఫీ చేశారు. ఆయన కూడా హామే, కాల్‌సైన్ వీయూ2ఆర్‌జీ. ఆ ఏడాదికి ముందే, 1983లో, మన నగరంలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో పుట్టింది. 2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ బృందం అండమాన్‌కు వెళ్లింది. పదిహేడేళ్లుగా హామ్ కూత వినపడని దీవులు అవి. ప్రపంచంలోని హామ్‌లతో సరదాగా కాంటాక్టులు పెట్టుకోవడానికి వెళ్లినవాళ్లు, 26న సునామీ వచ్చి టెలిఫోన్లు పడిపోయేసరికి పోర్ట్‌బ్లెయిర్ నుంచి మెయిన్‌లాండ్‌కు కబుర్లు అందించేవాళ్లయ్యారు. ఎవరెక్కడ క్షేమంగా ఉన్నారో చెప్పింది ఆ రేడియోలే. సర్కారు దృష్టిలో అవి అభిరుచి సామాన్లు. హాబీకి పన్ను తగ్గిస్తే దేశానికేం ఒరుగుతుందని అడిగేవాళ్లకు ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది.

మాఫీ ఉన్నా లేకపోయినా, రేడియో సెట్టు తెప్పించుకోవాలంటే కేంద్ర ప్రభుత్వ వైర్‌లెస్ విభాగం డబ్ల్యూపీసీ అనుమతి కావాలి, లైసెన్సు కావాలి, లక్షకు దగ్గరపడే డబ్బు కావాలి. ఇవన్నీ సమకూరేదాకా ఆగకుండా మన ఊరి ఇంజినీరొకరు వేరే దారి తొక్కారు. అష్హర్ ఫర్హాన్, కాల్‌సైన్ వీయూ2ఈఎస్‌ఈ. బంజారాహిల్స్‌లో 2010లో లామకాన్ అనే సాంస్కృతిక వేదిక తెరిచినవాళ్లలో ఆయన ఒకరు. 2003లో బిటెక్స్ అనే రేడియో డిజైన్ చేశారు. సాధారణంగా ట్రాన్స్‌సీవర్లో పంపడానికొక సర్క్యూట్, వినడానికొక సర్క్యూట్ ఉంటాయి. బిటెక్స్‌లో అవే యాంప్లిఫయర్లు రెండు దిక్కులా పనిచేస్తాయి, అందుకే భాగాలు బాగా తగ్గాయి. ఫిల్టరుకు వాడిన 10 మెగాహెర్ట్జ్ క్రిస్టల్స్ కంప్యూటర్ బోర్డుల్లో వాడే రకం, ఎక్కడైనా దొరుకుతాయి. రింగు దొరకదు కదా, మరి కాయిల్ దేని మీద చుట్టాలి? నీళ్ల కుళాయిలో వేసే వాషర్ మీద.

ఆ వాషర్ దగ్గర కాసేపు ఆగుతాను. రింగు మీద తీగ చుట్టడం ఓపిక పని. మోటారు వైండింగ్ షాపులో తూకానికి దొరికే ఎనామెల్ తీగ మూరెడు కోసుకుని, ఒక కొసను బొటనవేలి కింద నొక్కిపెట్టి, రెండో కొసను రంధ్రంలోంచి దూర్చి లాగాలి. మరీ లాగితే ఎనామెల్ గీసుకుపోతుంది, వదులైతే చుట్టు జారుతుంది. ఎన్ని చుట్లని బయటి అంచు మీద లెక్కపెడితే ఒకటి తక్కువొస్తుంది, తీగ రంధ్రంలోంచి ఎన్నిసార్లు దూరిందో అదే లెక్క. చివర్లో కొసలను బ్లేడుతో గీకి రాగి మెరిసేదాకా ఎనామెల్ తీసి సోల్డర్ పూయాలి. ఇనుప పొడి రింగయినా ప్లాస్టిక్ వాషరైనా చేతులు చేసే పని ఇదే. వాషర్‌కు అయస్కాంత గుణం లేదు కాబట్టి చుట్లు ఎక్కువ వేయాలి, అంతే తేడా. కొరియర్ రాకపోయినా రేడియో ఆగకూడదని పట్టుబట్టి చేసిన డిజైన్ అది. అందుకే ఎలక్ట్రానిక్స్ సామాను దొరికే కోటిలోని గుజరాతీ గల్లీ పక్కన ఉన్నవాడైనా, బ్రెజిల్లో ఉన్నవాడైనా దాన్ని కట్టగలిగాడు. దొరికే సామాను నుంచి మొదలుపెట్టి సర్క్యూట్ గీయడం నాకు ఇంజినీరింగ్‌లో అన్నిటికన్నా గౌరవం కలిగించే పని.

తర్వాత కథ దిక్కు మారింది. 2016 చివర్లో బిటెక్స్40, ఆ మరుసటి ఏడాది మైక్రో బిటెక్స్ హైదరాబాదు నుంచి కిట్లుగా బయటికి వెళ్లడం మొదలైంది. అప్పట్లో మొదటిది 59 డాలర్లు, రెండోది 109. అందులోని రింగులకు తీగను మహిళల బృందం చేత్తో చుట్టేది. ఇప్పుడు కస్టమ్స్ కాగితం కోసం ఎదురుచూసేవాడు ఒహాయోలోనో హాంబర్గులోనో ఉన్నాడు. నేనిక్కడ వేసుకునే లెక్కలే వాళ్లూ వేసుకున్నారు: తపాలాలో తెప్పించుకుంటే చవక, కొరియర్లో అయితే త్వరగా వస్తుంది, పన్ను పడుతుందా లేదా. 2021 జులై 1న యూరప్ 22 యూరోల వ్యాట్ మినహాయింపు ఎత్తేసింది, మొదటి యూరో నుంచే పన్ను. అమెరికాలో 800 డాలర్ల లోపు పార్సిల్‌కు సుంకం ఉండేది కాదు. 2025 ఆగస్టు 29 నుంచి అదీ పోయింది. ఆ సుంకం ఎవరు, ఎలా వసూలు చేయాలో తేలక మన తపాలా శాఖ ఆగస్టు 25 నుంచే అమెరికాకు పార్సిళ్లు ఆపేసి, అక్టోబరు 15న తిరిగి మొదలుపెట్టింది. పెద్ద ఎగుమతిదారుకు ఓడలున్నాయి, ఏజెంట్లున్నారు. ఒక్కో కవరు చొప్పున తపాలా మీద ఆధారపడి చేతిపని అమ్ముకునేవాళ్లకు ఆ ఏడు వారాలు తలుపు మూసేసినట్టే. ఒక్కటి కావాల్సినవాడి బాధ, ఒక్కటి అమ్మేవాడి బాధ ఒకే కాగితానికి రెండు వైపులని నాకు అప్పుడు బాగా తెలిసింది.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. ఆర్డర్ పెట్టకముందే ఎంత కట్టాలో తెలియాలి. చిన్న పార్సిల్‌కు ఫీజు దాని విలువను బట్టి ఉండాలి. తపాలాలో వచ్చేదానికి అసెస్‌మెంట్ కాగితం ఫోనుకే రావాలి. ప్రపంచానికి సాఫ్ట్‌వేర్ రాసే నగరం ఇది. ఇక్కడి నుంచి ఈ మాట అడగడం అత్యాశ కాదు.

ఈలోగా నాకు ఇంకో దారి తోస్తోంది. హాబీకి కొరియర్ కన్నా కొట్టు ముఖ్యం. ఐఈసీ (దిగుమతి-ఎగుమతి కోడ్), జీఎస్టీ నంబరు ఉన్న దుకాణదారు వంద రింగులు ఒకేసారి దింపుకుంటే ఆ స్థిర ఖర్చులన్నీ వంద మీద పంచుకుపోతాయి, నెమ్మదిగా అమ్ముడుపోయే సరుకును అరలో ఉంచే ఓపిక మాత్రం ఆయనకుండాలి. మనం కూడా పది రూపాయలు ఎక్కువైనా ఆయన దగ్గరే కొనాలి. మొన్న గుజరాతీ గల్లీలో కెపాసిటర్లు కొంటూ జేబులోంచి టీ50-2 తీసి చూపించాను. కౌంటర్లో ఉన్న పెద్దాయన వేళ్ల మధ్య తిప్పి, రంగు లేని పక్కను గోటితో గీకి చూశాడు.

"ఇది ఫెర్రైట్ కాదు కద సార్?"

"కాదు, ఐరన్ పౌడర్."

"నెలకు ఎన్ని పోతయ్?"

నిజమే చెప్పాను, ఎక్కువ పోవని. హామ్‌లు, ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు, సొంతంగా రేడియో కట్టుకునే ఐటీ వాళ్లు కలిపి అడుగుతారని చెప్పాను. ఆయన బల్ల మీద స్కేలు పెట్టి, పక్కన రింగు పెట్టి, ఫోన్లో ఫొటో తీసుకున్నాడు.

"ముంబైల మావోడు ఉన్నడు, అడుగుత. ఇరవై మంది పేర్లు, ఎవరికెన్ని కావాల్నో రాసియ్యండి సార్. దసరా లోపల తెప్పిస్త."

జాబితా మొదలుపెట్టాను. ఎరుపు టీ50-2తో పాటు పసుపు టీ50-6 కూడా రాయమన్నారు ఇద్దరు ముగ్గురు. కావాల్సినవాళ్లు ఈ వారంలో చెప్పండి.