కవిలెకట్టయు వెబ్ భాండారమును

1977 నవంబరు 19వ తేదీని దివిసీమను సముద్రము ముంచెత్తినపుడు మనుష్యులతోపాటు ఇండ్లును, ఇండ్లలోని కాగితములును పోయినవి. బందరునకు 1864 నవంబరు 1వ తేదీని అట్టి ఉప్పెనయే వచ్చెను. మిగిలిన దస్తావేజులను, వ్రాతప్రతులను, 1902లో బందరున ఆరంభమైన కృష్ణాపత్రిక సంచికలను ఛాయాచిత్రములు తీసి వెబ్ భాండారములలో చేర్చువారు నేడు కలరు. కృషి శ్లాఘ్యమే, కూర్పు మాత్రము విచార్యము.

అట్టి యొక భాండారమున, పేరేల, ఆ 1864 ఉప్పెననుగూర్చిన పత్రమును వెదకితిని. ‘బందరు’ అనగా లేదనెను. ‘మచిలీపట్టణము’ అనగా లేదనెను. తుదకు ఆంగ్లేయుల ‘మసూలిపటం’ అను వర్ణక్రమమున దొరకెను. చేర్చినవారు తమకు తోచిన పేరే పెట్టి, తమ పేరిటి ఫోల్డరులో ఫైలును పడవేసిరి.

ఇందు దోషమేమి, కరణము కవిలెకట్టలను ఊరివారీగా కట్టలేదా యని పూర్వపక్షము. కట్టెను, కాని ఏ కట్టలో ఏమున్నదో కరణమే యెరుగును, ఆ కవిలెలకు సూచిక యాతడే. వేలమంది చేర్చుచోట అట్టి పురుషుడు లేడు. గుడివాడవారి వ్యాజ్యము బందరు కోర్టున విచారింపబడినయెడల ఆ పత్రమే ఫోల్డరునకు చెందును? రెంటను పెట్టినచో ఒకదానిని దిద్దినపుడు రెండవది తప్పుగనే నిలుచును.

సిద్ధాంతమిది. ఉనికి వేరు, పేరు వేరు. ఫైలు వచ్చినతోడనే యంత్రము దానికొక అర్థరహితమైన, అద్వితీయమైన సంజ్ఞ నీయవలెను. ఆ సంజ్ఞతోనే దాచవలెను. చేర్చినవారి పేరు, ఊరు, సంవత్సరము, చూచుటకు అధికారులెవరు అనునవి డేటాబేసులో ఆ సంజ్ఞకెదురుగా నుండవలెను. అపుడు పేరు మార్చినను ఫైలు కదలదు. సంజ్ఞ మొదటి రెండు షోడశాంకములనుబట్టి విభజించినచో 256 ఫోల్డరులగును. ఒక్కచోటనే రాశి పేరుకొనదు. పాణిని దా, ధా ధాతువులకు, దాప్ మినహా, ‘ఘు’ అని పేరిడుటలోని సౌలభ్య మిదియే: లోకమున ఆ శబ్దమునకర్థము లేదు గావున కలహము లేదు. ‘వృద్ధి’, ‘గుణము’ అను సార్థకసంజ్ఞలు వ్యాఖ్యాతలకెంత పని కల్పించెనో వైయాకరణు లెరుగుదురు.

పండితులు గమనింపవలసిన సూక్ష్మ మొకటి గలదు. యూనికోడున ఐత్వము ఒకే సంకేతముగను ఉండవచ్చును. ఎత్వమును, దానిపై మరియొక చిహ్నమును కలిసిన రెండు సంకేతములుగను ఉండవచ్చును. కంటికి భేదము లేదు. కాని గుడివాడ సమీపమునగల కైకలూరు యంత్రమునకు రెండూళ్లగును! సూచికలోనికి ఎక్కించుటకు ముందే రూపైక్యము చేయవలెను. మరియు తెలుగు సంకేతమొక్కటికి మూడు బైట్లు. ‘కృష్ణా’ అను రెండక్షరములకే 18. అనేక యంత్రములు ఫైలుపేరునకు 255 బైట్లకు మించి ఒప్పుకొనవు. మన పూర్వగ్రంథముల ముఖపత్రములకు అది చాలునా?

బందరు, మచిలీపట్నము, మచిలీపట్టణము, మసూలిపటం అను నాలుగును ఒక్క సంజ్ఞకే చేరునట్లు పర్యాయపట్టిక వ్రాయుట యంత్రజ్ఞుల పని కాదు, మనది. నేను దివిసీమ గ్రామనామములను అకారాదిగా మొదలిడితిని. అవనిగడ్డ వచ్చినది; అకారమింకను ముగియలేదు.