తీగకు కవచమేల? ఈథర్‌నెట్ కేబుళ్ళపై ఒక విమర్శ

కంప్యూటర్లను ఒకదానితో నొకటి కలుపు రాగి కేబులును కొనబోవువారికి అంగడిలో మొదట ఎదురగునది ఒక అంకెల నిచ్చెన. కేటగిరీ 5ఇ, 6, 6ఎ, 7, 8 అని తొడుగుపై ముద్రించి యుండును. అంకె పెరిగినకొలది సరకు మేలైనదనియు, లోపల అల్యూమినియం రేకు చుట్టియున్నచో మరింత మేలైనదనియు, రేకు లేనిది పేదవాని సరకనియు అమ్మువారు చెప్పుదురు. బడిలో కంప్యూటరు గది ఏర్పరచదలచిన ఉపాధ్యాయుడు ఈ మాట నమ్మి, ఉన్న కొద్దిపాటి నిధిని రేకుపై వెచ్చించినచో, ఒకటి రెండు కంప్యూటర్లను తగ్గించుకొనవలసి వచ్చును. కావున ఈ అభిప్రాయములో సత్యమెంత, అతిశయోక్తి యెంత అనునది భౌతికశాస్త్రపు గీటురాతిపై పరీక్షింపదగిన విషయము.

మొట్టమొదట గ్రహింపవలసిన దేమనగా, కవచము లేని కేబులు రక్షణ లేని కేబులు కాదు. దాని రక్షణ పైతొడుగులో గాక తీగల మెలికలో నున్నది. తొలినాటి టెలిఫోనులు టెలిగ్రాఫు పద్ధతి ననుసరించి ఒకే తీగను వాడెడివి. విద్యుత్తు తిరిగివచ్చు మార్గము భూమియే. 19వ శతాబ్ది చివర నగరములలో విద్యుత్ ట్రాములు నడువనారంభించిన పిదప ఆ తీగలలో సంభాషణ కంటె రొద హెచ్చయ్యెను. దీనికి విరుగుడు కాగల ఉపాయమును, అనగా రెండు తీగలను ఒకదానితో నొకటి మెలిపెట్టి వాడు పద్ధతిని, అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881 లోనే అమెరికాలో పేటెంటు చేసియుండెను. సంకేతము రెండు తీగల మధ్య వోల్టేజి భేదముగా ప్రయాణము చేయును. గ్రహించు యంత్రము ఆ భేదమునే చదువును. వెలుపలి అయస్కాంత క్షేత్రము ఒక మెలికలో ప్రేరేపించిన వోల్టేజికి ప్రక్క మెలికలో ప్రేరేపించునది ఎదురుగా నుండుటచే రెండును చెల్లిపోవును. రెండు తీగలపై సమానముగ పడిన రొద భేదములో కానరాదు. త్రాసు తట్టలు రెండింటిలోను సమానమైన బరువులు వేసినచో ముల్లు కదలదు గదా!

ఈ సమతూకము పనివాని చేతిలో నున్నది. ప్లగ్గు బిగించునపుడు మెలికను 13 మిల్లీమీటర్లకు మించి విప్పరాదని నియమము. తొందరలో రెండు మూడు అంగుళములు విప్పివేసిన కేబులుకు ఎంత ఖరీదైన రేకు చుట్టినను ఆ లోపము తీరదు.

రేకును గూర్చి ప్రచారములో నున్న మొదటి పొరపాటు ఇక్కడనే తేటపడును. గోడలోని కరెంటు తీగలనుండి వచ్చు 50 హెర్ట్జుల రొదను రేకు ఆపునని అనేకులు నమ్ముచున్నారు. లోహములోనికి విద్యుదయస్కాంత తరంగము ఎంత లోతు చొచ్చునో ఆ లోతు పౌనఃపున్యపు వర్గమూలమునకు విలోమానుపాతములో నుండును. అల్యూమినియంలో 50 హెర్ట్జుల వద్ద ఈ లోతు సుమారు 11.6 మిల్లీమీటర్లు. 100 మెగాహెర్ట్జులు దీనికి 20 లక్షల రెట్లు. 20 లక్షల వర్గమూలము సుమారు 1,414. కావున అక్కడ లోతు 8 మైక్రాన్ల పైచిలుకు మాత్రమే. ఈ భాగహారమును విద్యార్థులు తామే చేసి చూడవచ్చును. మిల్లీమీటరులో పదవ వంతైనను లేని రేకు 100 మెగాహెర్ట్జుల తరంగమునకు గోడవంటిది. 50 హెర్ట్జుల అయస్కాంత క్షేత్రమునకు దోమతెర కూడ కాదు. కరెంటు తీగల రొదను అణచునది మెలికయే. అదియును గాక, కేబులు రెండు కొనలయందును యంత్రములలో నుండు చిన్న ట్రాన్సుఫార్మర్లు అంత తక్కువ పౌనఃపున్యమును చాలవరకు లోనికి రానీయవు.

చరిత్ర కూడ రేకు పక్షమున సాక్ష్యము చెప్పలేదు. 1985 లో ఐ.బి.ఎం. సంస్థ ప్రవేశపెట్టిన టోకెన్ రింగ్ వ్యవస్థ కవచము గల లావుపాటి కేబులును ఆధారముగ చేసికొన్నది. 1990 లో వెలువడిన 10బేస్-టి ఈథర్‌నెట్ ప్రమాణమో, టెలిఫోను తీగలవంటి కవచము లేని జంటలతోనే సెకనుకు 1 కోటి బిట్లను 100 మీటర్ల దూరము పంపెను. ఆ తీగ చవుక, సన్నన, వంచుటకు సులువు. కొలది సంవత్సరములలోనే రంగము ఈథర్‌నెట్ వశమయ్యెను. 1995 లో సెకనుకు 10 కోట్ల బిట్ల ప్రమాణము, 1999 లో 100 కోట్ల బిట్ల ప్రమాణము వచ్చినపుడు కూడ రేకు అవసరము కలుగలేదు.

ఐతే రేకును విమర్శించువారు ఇచ్చట ఆగిపోయినచో వారి విమర్శ సగమే యగును. 2006 లో వెలువడిన 10జి-బేస్-టి ప్రమాణము సెకనుకు 1,000 కోట్ల బిట్లను అదే జాతి తీగలో పంపదలచినది. అందులో నాలుగు జంటలును ఒకేసారి రెండు దిక్కులకును సంకేతములను మోయును. ఒక్కొక్క జంటలో సెకనుకు 80 కోట్ల సంకేతములు. ఒక్కొక్క సంకేతము 16 వోల్టేజి మెట్లలో ఏదో ఒకటి. 100 మీటర్ల కేబులు మార్గములో 500 మెగాహెర్ట్జుల వద్ద సుమారు 49 డెసిబెళ్ళ క్షీణతను కేటగిరీ 6ఎ ప్రమాణము అనుమతించును. అనగా ఒక కొనలో పెట్టిన వోల్టేజిలో ఆవలి కొనకు చేరునది దాదాపు 280వ వంతే. ఆ గుసగుసలో 16 మెట్లను గుర్తుపట్టవలెను. ఇట్టి స్థితిలో చిన్న రొద కూడ పెద్ద శత్రువే.

ఆ శత్రువు ఎవరు? కరెంటు తీగ కాదు, ట్యూబులైటు కాదు. ప్రక్కనున్న తోటి కేబులే. ఒక జంటలోని సంకేతము మరొక జంటలోనికి చొరబడుటను ఇంజనీర్లు క్రాస్‌టాక్ అందురు. ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడని సామెత. ఈథర్‌నెట్‌లో వ్యవహారము తలక్రిందులు. ఒకే కేబులులోని నాలుగు జంటలలో తాను పంపుచున్నదేదో యంత్రమునకు తెలియును గనుక, అది ఏ జంటలోనికి ఎంత చొరబడునో లెక్కగట్టి తీసివేయగలదు. ప్రక్క కేబులులో ఏమి పోవుచున్నదో దానికి తెలియదు. పొరుగుదొంగను లెక్కతో పట్టుటకు వీలులేదు.

మరియొక చిక్కు కలదు. ఒక కేబులులోని నాలుగు జంటలకు మెలిక పొడవులు వేరువేరుగా నుండును. అట్లుండుటచేతనే అవి ఒకదాని మాటను ఒకటి అంతగా వినవు. కాని ప్రక్క కేబులు అదే కార్ఖానాలో, అదే యంత్రముపై తయారైనది. దీనిలోని నీలిజంట మెలికయు దానిలోని నీలిజంట మెలికయు సమానము. సమానమైన మెలికలు ప్రక్కప్రక్కన సాగినచోట మెలికలోని ఉపాయము బలహీనపడును. అందువలననే పరీక్షశాలలో ఒక కేబులు చుట్టు ఆరు కేబుళ్ళను కట్టి, మధ్యనున్న దాని బాధను కొలుతురు. కేటగిరీ 6 కేబులు 10జి-బేస్-టి సంకేతమును 55 మీటర్ల లోపుననే, అదియును పొరుగు కేబుళ్ళ ఒత్తిడిని బట్టి, మోయగలుగుటకు కారణ మిదియే.

పూర్తి 100 మీటర్లకు 6ఎ కావలెను. కవచము లేని 6ఎ లో తొడుగును దళసరి చేసి, కేబులు కేబులుకు దూరము పెంచుదురు. దూరమే దాని కవచము. ఫలితముగ గొట్టములో అది ఎక్కువ చోటు ఆక్రమించును. రేకు ఇదే పనిని సన్నని దేహముతో చేయగలదు. కవచము యొక్క నిజమైన ప్రయోజనము ఈ పొరుగు బాధను తొలగించుట. విచిత్ర మేమనగా, అంగడిలో రేకును పొగడువారు ఈ ఒక్క గుణమును మాత్రము చెప్పరు.

కాని కవచము ఒంటరిగా పనిచేయదు. రేకు, దాని వెంట నడచు బోడి తీగ, లోహపు ప్లగ్గు, లోహపు సాకెట్టు, రాక్, ఎర్తు అను గొలుసు అంతయు సరిగ నుండవలెను. రేకును ప్లగ్గు చుట్టు పూర్తిగ తాకించుటకు బదులు, బోడి తీగను 2 సెంటీమీటర్లు సాగదీసి ఒకచోట చుట్టి వదలుట పనివారిలో కనబడు అలవాటు. తీగకు మిల్లీమీటరు ఒక్కింటికి సుమారు 1 నానోహెన్రీ ప్రేరకత్వముండును. 20 నానోహెన్రీలు 100 మెగాహెర్ట్జుల వద్ద సుమారు 12.6 ఓములు, 500 మెగాహెర్ట్జుల వద్ద సుమారు 63 ఓములు అగును. మల్టీమీటరు ఆ తీగను సున్నా ఓము లని చూపును. కేబులు మాత్రము ఆ మాట నమ్మదు.

ఎర్తు సంగతి మన బడులలో మరింత జాగ్రత్తగా చూడవలసినది. బొగ్గు, ఉప్పు పోసి పూడ్చిన ఎర్తు గోతిలో వేసవియందు నీరు పోయకున్నచో నేల ఎండి నిరోధము పెరుగును. రెండు భవనములకు రెండు గోతులున్నచో వాని మధ్య వోల్టేజి భేదము ఏర్పడవచ్చును. కవచము లేని కేబులుకు దీనితో పనిలేదు. రెండు కొనల ట్రాన్సుఫార్మర్లు 1,500 వోల్టుల వరకు వేర్పాటు నీయవలెనని ఈథర్‌నెట్ ప్రమాణము విధించుచున్నది. రెండు కొనలయందును ఎర్తుకు కట్టిన కవచము ఈ వేర్పాటును ప్రక్కదారిన దాటి, రెండు ఎర్తులను కలిపి, తన గుండా విద్యుత్తు ప్రవహించుటకు బాట వేయును. రక్షణకై కొన్నది రొదను మోసికొనివచ్చును.

కవచమును దూషించువారు కూడ ఒక అతిశయోక్తి చేయుచున్నారు. ఎర్తు చేయని రేకు ఆంటెన్నాగ మారి కేబులును చెడగొట్టునని వారందురు. రేకు ఆంటెన్నా యైనచో, రేకు లేని కేబులులోని రాగి తీగలు మాత్రము కావా? ఇక భవనమునుండి భవనమునకు పోవలసినపుడు ఈ వివాదమే అనవసరము. పిడుగులు పడు దేశములో అచ్చట రెండు రకముల రాగియు తగదు. గాజుతంతువుల కేబులే ఉచితము.

నిచ్చెనపై 7వ మెట్టు సంగతి వేరుగ చెప్పవలెను. 2002 నాటి అంతర్జాతీయ ప్రమాణములో కేటగిరీ 7 కు స్థానము కలదు: 600 మెగాహెర్ట్జులు, ప్రతి జంటకును విడిగ రేకు, అన్నింటిపైన కవచము. కాని దానికి జి.జి.45, టెరా వంటి ప్రత్యేకమైన ప్లగ్గులు కావలెను. అమెరికా ప్రమాణసంస్థ టి.ఐ.ఎ. దానిని అంగీకరింపనే లేదు. అంగడిలో కేటగిరీ 7 పేర దొరకు కేబుళ్ళలో పెక్కింటికి మామూలు ఆర్‌జె-45 ప్లగ్గే తగిలించి యుండును. 7వ తరగతి పుస్తకములు సంచిలో వేసికొని 6వ తరగతి బల్లపై కూర్చున్న బాలుని వలె నుండును ఆ సరకు. 2016 లో వచ్చిన కేటగిరీ 8 అట్టిది కాదు. 2,000 మెగాహెర్ట్జుల వద్ద కవచము తప్పనిసరి యని దాని నిర్మాతలు నిజాయితీగ ఒప్పుకొన్నారు. కాని దాని దూరము 30 మీటర్లే. అది డేటా కేంద్రముల సొరుగులలో వాడదగినది, తరగతి గదికి గాదు.

ఇరువది ముప్పది కంప్యూటర్లు సెకనుకు 100 కోట్ల బిట్లతో పనిచేయు బడి గదికి కవచము లేని కేటగిరీ 6 నిక్షేపముగ సరిపోవును. 5ఇ అయినను చాలును. వెల్డింగు యంత్రములు, పెద్ద మోటార్లు తిరుగు కార్ఖానాలోను, వందల కేబుళ్ళు ఒకే కట్టగా పోవుచు 10జి-బేస్-టి వేగముతో పనిచేయు చోటను, ఎర్తు తెలిసిన పనివారు దొరకినచో, రేకుకు పెట్టిన డబ్బు వృథా పోదు. జర్మనీలో కవచము గలదియు, అమెరికాలో లేనిదియు ఎక్కువగ వాడుటకు కారణము భౌతిక నియమములు దేశమును బట్టి మారుట కాదు. ఒక్కొక్క దేశపు ఆచారమును, పనివారి అలవాటును అందుకు కారణములు.

రేకు ఉన్నదా లేదా యని చూచువారు తీగ రాగిదా కాదా యని చూచుట మరచుచున్నారు. అల్యూమినియంపై రాగి పూత పూసిన తీగను కేబులుగ అమ్ముట కలదు. ఏ కేటగిరీ ప్రమాణమును దానిని ఒప్పుకొనదు. అల్యూమినియం వాహకత్వము రాగిలో సుమారు 61 శాతమే గనుక, కేబులు ద్వారానే కెమెరాలకు కరెంటు పంపునపుడు అది ఎక్కువ వేడెక్కును. రాగి సాంద్రత 8.9, అల్యూమినియంది 2.7, చుట్టను చేతితో ఎత్తినపుడే తేలికదనము తెలియును. సందేహమున్నచో కొనను బ్లేడుతో గీచి చూడవచ్చును. ఎర్రని పూత క్రింద తెల్లని లోహము బయటపడును.