రాతి లోతు కొలిచే పనితనం

పాతపాళ్య అని ఫోన్‌లో కొట్టి వెతికితే పిన్‌కోడు వస్తుంది, జనాభా లెక్క వస్తుంది, బాగేపల్లికి ఎంత దూరమో వస్తుంది. ఈ చుట్టుపక్కల పొలం గట్ల మీద, గుడి ముంగిళ్లలో వీరుల గుర్తుగా నిలబడ్డ వీరగల్లుల సంగతి మాత్రం దొరకడం కష్టం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం నడిచే ఈ సీమలో ఊరి పాత కథలు తెలిసినవాళ్లు లేకపోలేదు. అయితే వాటికి రాతి సాక్ష్యం ఎక్కడుందో, అది ఏం చెబుతోందో బయటివాళ్లకి, చాలాసార్లు ఊళ్లో పిల్లలకి కూడా, తెలిసే దారి లేదు.

ఆ దారి ఎలా వేయాలో వంద కిలోమీటర్లు దాటి ఉన్న బెంగళూరులో కొందరు చేసి చూపించారు. 1909లో పుట్టిన మిథిక్ సొసైటీ, 2021లో నగరం చుట్టుపట్ల శాసనాలను త్రీడీలో స్కాన్ చేసి భద్రపరిచే పని మొదలుపెట్టింది. దీన్ని నడిపించినది పి. ఎల్. ఉదయ్ కుమార్. అంతకుముందు నుంచే ఆయనా మరికొందరు ఔత్సాహికులూ సెలవు రోజుల్లో వీధులు తిరిగి శాసనాల రాళ్లు వెతికేవారు. నన్ను ఆకట్టుకున్నది ఆ ఉత్సాహం ఒక్కటే కాదు, వాళ్ల పని తీరు.

శాసనం చదవాలంటే పాత పద్ధతి ఒకటుంది. రాయి కడిగి, తడి కాగితం అదిమి, అక్షరాల గుంటల్లోకి దిగేలా బ్రష్షుతో కొట్టి, పైన సిరా అద్దుతారు. గుంట తెల్లగా, మిగతాది నల్లగా వస్తుంది. చక్కటి పద్ధతే. చిక్కు వచ్చేది అరిగిపోయిన రాయి మీద. గీతకు లోతు మరీ తక్కువైతే కాగితం దాన్ని సరిగ్గా పట్టుకోలేదు. స్కానర్ రాతిని తాకదు. చేత్తో పట్టుకుని రాతి ముందు మెల్లగా కదిలిస్తే, రాతి మీద పడిన వెలుగు ఎక్కడెక్కడ ఎలా వంగిందో చూసి ఎత్తుపల్లాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంది. అసలు విద్య ఆ తర్వాత మొదలవుతుంది. ఆ నమూనాలోంచి రంగు తీసేస్తారు. పాచి, సున్నం, కుంకుమ, ఎవరో పూసిన పెయింటు, అన్నిటి రంగూ పోయి రాయి మొత్తం ఒకే బూడిద రంగులో నిలుస్తుంది. అప్పుడు వెలుగుని పక్కనుంచి, బాగా కిందికి వంచి వేస్తారు. ఎండలో నిలబడి చూస్తే ఏమీ కనిపించని చోట ఒక్కో గీతకీ నీడ పడి అక్షరం పైకి లేస్తుంది. బీటు ఏది, ఉలి దెబ్బ ఏది అని వాదన వస్తే, ఆ చోట రాయి ఎంత లోతుకు, ఏ ఆకారంలో దిగిందో తెర మీదే కొలిచి చూసుకోవచ్చు. శాసనాల చదువులో ఎన్నో తగాదాలు పుట్టేది సరిగ్గా అక్కడే.

హెబ్బాళ్‌లో 2018లో వెలుగు చూసిన కిత్తయ్య వీరగల్లు సంగతి చూడండి. గంగ రాజు శ్రీపురుషుడి కాలం నాటిది, సుమారు సామాన్య శకం 750 అని నిర్ణయించారు. ఇలాంటి రాళ్ల గురించి వీళ్ల బృందం పెట్టే వివరాల్లో రాతి ఎత్తు వెడల్పులతో పాటు అక్షరం ఎత్తు, వెడల్పు, లోతు కూడా ఇస్తారు. అక్షరం లోతు! పాత శాసన సంపుటాల్లో చదవబోతే అది కనబడదు. లోతు తెలిస్తే చెక్కినవాడి చెయ్యి తెలుస్తుంది, ఎంత అరిగిందో తెలుస్తుంది, చదివిన పండితుడు ఎంత ధీమాగా చదవగలిగాడో కూడా తెలుస్తుంది. దానికి తోడు శాసనపాఠం, రాయి ఉన్న చోటు ఇస్తారు. ఆ చోటు గూగుల్ మ్యాప్‌లో ఉంటుంది. పక్క వీధిలో కూరగాయలు కొనే మనిషి, పన్నెండు వందల ఏళ్ల నాటి మాట ఎక్కడుందో చూసుకుని నడిచి వెళ్లవచ్చు.

వీళ్లు చేసిన ఇంకో పని తెలుగువాళ్లకి నేరుగా పనికొచ్చేది. శాసనాల్లోంచి ఒక్కొక్క అక్షరం బొమ్మ తీసి కాలక్రమంలో చూసుకునేలా ‘అక్షర భండార’ అని తయారు చేశారు. అది కన్నడ లిపి కోసం. అయితే పదమూడో శతాబ్దం దాకా తెలుగు, కన్నడ లిపులు ఇంచుమించు ఒకటే కదా. తొమ్మిదో శతాబ్దపు అక్షరం నేర్చుకున్నవాడు కడప జిల్లా రాయి ముందు నిలబడ్డా, బెంగళూరు బేగూరు రాయి ముందు నిలబడ్డా కొత్తవాడు కాడు. ఇది మా సీమలో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. చింతామణి తాలూకా కైవారంలో తాతయ్య అని పిలుచుకునే యోగి తెలుగులోనూ పాడాడు, కన్నడంలోనూ పాడాడు. భజన చేసేవాళ్లు రెండూ మావే అనుకుంటారు.

ఇక మన వైపు చూద్దాం. బెంజమిన్ లూయిస్ రైస్ ‘ఎపిగ్రాఫియా కర్ణాటికా’ అనే శాసన సంపుటాల వరసలో పదో సంపుటాన్ని 1905లో అచ్చు వేయించారు. అది అప్పటి కోలారు జిల్లాది. మన చిక్కబళ్లాపురం 2007లో విడి జిల్లా అయింది కాబట్టి అప్పటికి నమోదైన మన శాసనాలు అందులోనే. బాగేపల్లి, చింతామణి తాలూకాలకు వేర్వేరు వరసలున్నాయి. కన్నడ శాసనాల మధ్య తెలుగు శాసనాలూ కనిపిస్తాయి. రైస్ బృందం శ్రద్ధ గొప్పది. ఊరి పేరు, తాలూకాలో భాగమైన హోబళి పేరు, రాయి ఏ గుడి ముందుందో, ఊరికి ఏ దిక్కున ఎవరి పొలంలో ఉందో రాసి పెట్టారు. నూట ఇరవై ఏళ్లలో పొలాలు చేతులు మారాయి, గుళ్లు కొత్తగా కట్టారు, రోడ్లు వెడల్పయ్యాయి. ‘ఊరికి తూర్పున పొలంలో’ అన్న మాట పట్టుకుని వెతికేవాడికి ఆ ఊరి పెద్దల సాయం కావాలి.

ఆ సాయం ఇప్పటికైతే ఉంది. ఫలానా రాయి ఎక్కడి నుంచి ఎక్కడికి జరిగిందో, చెరువు పనుల్లో ఏది మట్టిలో కలిసిందో గుర్తున్న ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లు చెప్పగలిగిన రోజుల్లోనే పని జరగాలి. ముందు స్కానర్ కూడా అక్కర్లేదు. పదో సంపుటంలో పాతపాళ్య హోబళి పేరున్న పుటలు పట్టుకుని, ఒక్కో ఊరికి వెళ్లి రాయి ఉందా లేదా చూసి, ఫోటో తీసి, మ్యాప్‌లో గుర్తు పెట్టడమే మొదటి మెట్టు. బెంగళూరులోనూ స్కానర్ రాకముందు నడిచిన పని అదే. పూజలందుకునే రాళ్ల దగ్గర మాత్రం ఊరివాళ్లని అడిగి, నూనె, పసుపు కడగకుండానే తీయాలి. రేపు స్కానర్ వచ్చాక ఆ పసుపు కింద ఉన్న అక్షరాలను కూడా, పూత మరీ మందంగా లేకపోతే, చదవవచ్చు.