అతుకుల బొంత తిట్టు కాదు

నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం పెడితే చాలు, మన పత్రికలకు ‘అతుకుల బొంత’ అనే మాట గుర్తొస్తుంది. నిలకడ లేనిదని, పొందిక లేనిదని, ఎప్పుడు ఊడిపోతుందో తెలియదని వాళ్ళ ఉద్దేశం. ఆ మాట రాసేవాళ్ళు బొంత కప్పుకొని పడుకొని ఉంటారు గానీ ఒక్క వరస కూడా కుట్టి ఉండరు. ఇంట్లో అన్నిటికంటే ఆఖరున చిరిగే బట్ట బొంత. తెలుగు వాడుకలో దానికి జరిగిన అన్యాయం ఇదొక్కటే కాదు. నల్లని పెద్ద కాకి బొంతకాకి, ముళ్ళ మొక్క బొంతజెముడు. లావుగా, మోటుగా కనిపించిన ప్రతిదానికీ బొంత పేరు తగిలించేశాం. ఆ మోటుతనం కింద ఎంత నేర్పు ఉందో చూడాలంటే పాతకాలపు పల్లె దాకా పోనక్కర్లేదు. బెంగళూరు తూర్పున ఉన్న మహదేవపుర దాకా వస్తే చాలు.

మహదేవపుర అనగానే అందరికీ అద్దాల మేడలు, ఐటీపీఎల్, వైట్‌ఫీల్డ్ రోడ్డు రద్దీ గుర్తొస్తాయి. 2023 మార్చి 25న గరుడాచార్‌పాళ్య, హూడి మీదుగా మెట్రో రైలు కూడా నడవడం మొదలుపెట్టింది. ఆ మేడలు కట్టిన కూలీలు రాయచూరు, యాదగిరి, కలబురగి వైపు నుంచి వచ్చినవాళ్ళు. రేకుల షెడ్లలో వాళ్ళ సామాను వెతికితే రెండు గిన్నెలు, ఒక ట్రంకు పెట్టె, దాని మీద మడతపెట్టిన కౌది కనిపిస్తాయి. బొంతకు కన్నడ దేశపు పేరు కౌది. ఎదురుగా ఉన్న అపార్ట్‌మెంట్లలో అనంతపురం, కర్నూలు, కడప నుంచి మనవల్ని పెంచడానికి వచ్చిన అమ్మమ్మలు, నాయనమ్మలు ఉన్నారు. వీళ్ళు రాకముందు నుంచే ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఇంట్లో తెలుగు మాట్లాడుకునే రెడ్ల కుటుంబాలు ఉన్నాయి. కౌది కుట్టే చేయి, బొంత కుట్టే చేయి ఒకే వీధికి అటూ ఇటూ ఉన్న చోటు ఇది.

చలికీ కొదవ లేదు. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. 1884 జనవరి 13న ఇక్కడ 7.8 డిగ్రీలు నమోదైంది, నగర చరిత్రలో అదే అత్యల్పం. ఇప్పుడు అంత చలి లేకపోయినా పుష్యమాసపు రాత్రుల్లో పదిహేను డిగ్రీల దాకా దిగుతుంది. రజాయి కప్పుకుంటే చెమట, ఒట్టి దుప్పటి అయితే వణుకు. ఆ మధ్యన ఉండే చలికి బొంతను మించినది ఇంకా పుట్టలేదు.

కప్పుకునేది చలికాలంలోనే అయినా కుట్టేది మాత్రం ఎండాకాలంలో. పల్లెల్లో సంక్రాంతి దాటి, కోతలు నూర్పిళ్ళు ముగిసి, చేతికి తీరిక దొరికాక బొంత పని మొదలవుతుంది. ఎండ తగిలితే పాత బట్టలో తేమంతా పోతుంది, సూది తేలిగ్గా దిగుతుంది. తడి ఉన్న బట్టను ఆరు పొరలుగా కుట్టేస్తే లోపల ముక్కిన వాసన పట్టి బూజెక్కుతుంది. తెలిసిన చేతులు వానాకాలంలో దబ్బనం ముట్టవు.

పనిలో సగం బట్ట ఎంపికలోనే ఉంది. కొత్త నూలు చీర బొంతకు పనికిరాదు. యాభైసార్లు ఉతికి, గంజి పూర్తిగా వదిలి, చేతిలో పట్టుకుంటే జారిపోయేంత మెత్తబడిన చీర కావాలి. వెంకటగిరి, మంగళగిరి, నారాయణపేట నూలు చీరలు ఇందుకే పుట్టాయా అనిపిస్తుంది, వాటి ముసలితనం అంత హాయిగా ఉంటుంది. ఒంటికి తగిలే పై పొరకు, కింది పొరకు అలాంటివి. మధ్యలో పాత పంచెలు, లుంగీలు, చిరిగిన దుప్పట్లు. అంచును ముందే చింపి పక్కన పెట్టుకుంటారు, అది చివర్లో అక్కరకొస్తుంది. కొంగులో జరీ ఉంటే తీసేస్తారు, నిద్రలో గుచ్చుకుంటుంది కాబట్టి. పసిబిడ్డ బొంతకైతే మూడు పొరలే. పైకి ఒక్క ముడి కనపడకూడదు, ముడులన్నీ పొరల మధ్యకు పోవాలి. పొత్తిళ్ళ బొంత కుట్టి చూపిస్తే చాలు, కుట్టినామె పనితనం ఎంతటిదో తేలిపోతుంది.

పొరలు పరవడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. నేల తుడిచి, చాప వేసి, నలుగురు నాలుగు మూలలు పట్టుకొని లాగి పరుస్తారు. మూలల మీద రోకలి, సన్నికల్లు పొత్రం, ఇటుక, ఏది దొరికితే అది బరువు పెడతారు. పొరకూ పొరకూ మధ్య ఒక్క ముడత మిగిలినా అది జీవితాంతం వీపు కింద ఒత్తుకుంటూనే ఉంటుంది. ఆ తర్వాత నడిమి నుంచి అంచుల వైపు జానెడేసి కచ్చా కుట్టు. దీన్ని తొందరపడి వదిలేసినవాళ్ళ బొంతలు సగం కుట్టేసరికే ఒక పక్కకు లాక్కుపోతాయి.

అసలు కుట్టు చూడటానికి ఎంత సులువో! సూది పైకీ కిందికీ, అంతే కదా అనిపిస్తుంది. ఆరు పొరల మందంలో ప్రతి కుట్టూ కింది పొర దాకా దిగి, పైన కనిపించినంతే అడుగునా కనిపించాలి. నేర్పరి ఒక్కో కుట్టుకూ దారం లాగదు. సూదిని ఊపుతూ నాలుగైదు కుట్లు దాని మీదికే ఎక్కించుకొని ఒకేసారి లాగుతుంది. ఎడమ చేయి బొంత అడుగున ఉండి సూది మొన ఎక్కడుందో వేలితోనే పసిగడుతుంది. వరసలు మరీ ఎడమైతే ఉతికినప్పుడు లోపలి గుడ్డలు ముద్దకడతాయి. మరీ దగ్గరైతే బొంత పలకలా బిర్రబిగుస్తుంది. వేలెడు ఎడం సరైన లెక్క. దారం కొద్దిగా బిగువుగా లాగినప్పుడు కుట్టుకూ కుట్టుకూ మధ్య బట్ట సన్నని అలలా పైకి లేస్తుంది. ఆ అలల కింద, పొరల నడుమ కదలకుండా నిలిచిన గాలే మనిషిని వెచ్చగా ఉంచేది.

లెక్క వేసి చూడండి. పెద్దవాళ్ళ బొంత రెండు మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు వెడల్పు అనుకుందాం. అయిదున్నర మీటర్ల చీర అతుకులతో రెండు పొరలకు వస్తుంది. ఆరు పొరలకు మూడు చీరలు. వేలెడు ఎడంతో వంద వరసలు, వరసకు రెండు మీటర్లు, అంటే రెండు వందల మీటర్ల కుట్టు. సెంటీమీటరుకు ఒకటి చొప్పున ఇరవై వేల కుట్లు! కొలబద్ద లేకుండా, గీత గీయకుండా, కంటి కొలతతో ఇరవై వేల కుట్లు తిన్నగా నడిపించిన స్త్రీని ‘చదువు రానిది’ అని రాసుకున్నాయి మన జనాభా లెక్కలు.

అంచు కట్టడం ఆఖరి పని. ముందు పక్కన పెట్టిన చీర అంచులు ఇప్పుడు బయటికి వస్తాయి. ఎర్రంచు, పచ్చంచు, గళ్ళంచు, నాలుగు వైపులా పట్టీలా మడిచి కుడతారు. చేతులు పట్టుకొని లాగేది, పిడికిలితో ముఖం మీదికి కప్పుకునేది అంచునే కాబట్టి ముందు అరిగేది కూడా అదే. అంచు అరిగితే మార్చుకోవచ్చు. బొంత మొత్తం అరిగితే దాన్నే లోపల పొరగా పెట్టి పైన కొత్త బొంత కుడతారు. అలా తల్లి చీర మీద కూతురి చీర, కూతురి చీర మీద మనవరాలి లంగా చేరిన బొంతలు రాయలసీమ ఇళ్ళలో ఉన్నాయి.

బొంత పుట్టుక గురించి పెద్ద చర్చ అక్కర్లేదు. సంస్కృతంలో కంథ అంటారు, సన్యాసులు కట్టుకున్నదీ అదే. మగధ వరిమళ్ళ గట్లను చూపించి, భిక్షువుల చీవరాలను ఆ తీరున అతికించమని బుద్ధుడు ఆనందుడికి చెప్పాడని వినయపిటకంలో ఉంది. రజాయి వేరే సంగతి. అది దూదేకులవారి వింటి నారి మోత విన్న దూది, దానికి దాని గౌరవం ఉంది.

మెచ్చుకోవలసిన పనితనానికి కర్ణాటకలోనే ఇంకో చిరునామా ఉంది. ఉత్తర కన్నడ జిల్లాలో యల్లాపుర, హళియాళ, ముండగోడు అడవుల్లో ఉండే సిద్దీలు ఆఫ్రికా నుంచి వచ్చినవారి సంతతి. వాళ్ళు తమ బొంతను కవంద్ అంటారు. మన ఇళ్ళలో మాదిరి తిన్నని వరసలు కావు వాళ్ళవి. ఒక మూలన మొదలుపెట్టి, నాలుగు వైపులా చుట్టూ తిరుగుతూ, లోపలికి లోపలికి వచ్చి నడిమధ్యన ముగిస్తారు. మూలల్లో మడిచిన ముక్కలతో చేసే త్రికోణాలు ‘పూలు’. పూలు లేని కవంద్ వాళ్ళ దృష్టిలో దిగంబరి! క్రైస్తవ సిద్దీలు శిలువ అతికిస్తే, ముస్లిం సిద్దీలు నెలవంక అతికిస్తారు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు కళాచరిత్రకారుడు హెన్రీ డ్రూవల్ తోడ్పాటుతో 2004లో ఆ స్త్రీలు సహకార సంఘం పెట్టుకున్నారు. 2011లో వాళ్ళ కవంద్‌లు న్యూయార్క్‌లోని షోంబర్గ్ కేంద్రంలో గోడలకెక్కాయి.

సముద్రానికి ఆవల, అమెరికాలోని అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే పల్లె ఉంది. బానిసల సంతతి నల్లజాతి స్త్రీలు అక్కడ పాత పనిబట్టలతో బొంతలు కుట్టేవారు. 1942లో మిజూరీ పెట్వే తన భర్త చనిపోయాక, కూతురు అర్లోంజియాను పక్కన కూర్చోబెట్టుకొని అతను పొలంలో తొడిగిన ప్యాంట్లు, చొక్కాలు చింపి ఒక బొంత కుట్టింది. వెలిసిన మోకాళ్ళు, చొక్కా జేబు ఊడిన చోట మిగిలిన ముదురు రంగు, అన్నీ అలాగే ఉంచింది. ఆ పల్లె బొంతలను 2002లో హ్యూస్టన్ మ్యూజియం, ఆ వెంటనే న్యూయార్క్ విట్నీ మ్యూజియం ప్రదర్శించాయి. 2006లో పది బొంతల బొమ్మలతో అమెరికా తపాలాశాఖ స్టాంపులు వేసింది. చనిపోయిన తల్లి చీరను బొంతలో దాచుకున్న తెలుగు కూతుళ్ళు ఎందరో. వాళ్ళ బొంతలకు మన మ్యూజియం గోడల మీద చోటేది?

బెంగాల్ తన కంథను నెత్తిన పెట్టుకుంది. ప్రీతికణ గోస్వామికి 2023లో, తక్‌దీరా బేగంకు 2024లో పద్మశ్రీ వచ్చింది. కర్ణాటకలోనే, బళ్ళారి జిల్లా సండూరు లంబాణీ స్త్రీలు 2023 జూలైలో హంపి జీ-20 సమావేశాల వేళ 1,755 కుట్టుపని వస్తువులను ప్రదర్శనకు పెట్టి గిన్నిస్ రికార్డు సాధించారు. వాళ్ళ కుట్టుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. తెలుగు బొంతకు గుర్తింపు లేదు, బహుమతి లేదు, హస్తకళల దుకాణంలో ఒక అర కూడా లేదు. అద్దాలు పూసలు ఉంటేనే కళా? ఒంటికి హాయినిచ్చే పనితనాన్ని కళ కింద జమకట్టడానికి ఎందుకు ఇంత వెనకాడుతున్నారు?

ఈలోగా దొంగ సరుకు దిగిపోయింది. ఒకే పాలియెస్టర్ బట్ట మీద అతుకుల బొమ్మలు అచ్చేసి, లోపల సింథటిక్ పీచు కూరి, ‘ప్యాచ్‌వర్క్ క్విల్ట్’ అని అమ్ముతున్నారు. కుట్లను కూడా అచ్చే వేస్తున్నారు! వేలు పెట్టి రాస్తే అతుకు తగలదు. తిరగేస్తే వెనక ఖాళీ. ఒక పోగు పీకి అంటిస్తే నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది, ఇది కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. అలాంటిది పసిబిడ్డ మీద కప్పుతున్నాం. మిషను కుట్టుదీ మరో మోసం. అది పొరలను ఒకే బిగువున అణిచేస్తుంది, ఆ అల లేవదు, గాలి నిలవదు. మిషను మీద కుట్టినదాన్ని దుప్పటి అనండి, పరుపు గలీబు అనండి, బొంత మాత్రం అనకండి.

చేతులు పోవడం కంటే ముందు చీరలు పోయాయి. నలభై ఏళ్ళుగా రోజువారీ కట్టుకు పాలియెస్టర్ చీరలు వచ్చిపడ్డాయి. అవి చిరగవు, మెత్తబడవు, పొర మీద పొర నిలవక జారిపోతాయి. నైటీలు వచ్చాక ఇంట్లో కట్టే నూలు చీరే కరువైంది. ఉత్తర కర్ణాటకలో ఊరూరా తిరిగి కౌదులు కుట్టిపెట్టిన గొంధళి స్త్రీలకు, తెలంగాణలో వేసవి రాగానే వాకిట్లో దిగిన బొంతలు కుట్టేవాళ్ళకు ఇప్పుడు ఎవరు బట్ట ఇస్తారు? పాత బట్టలు సంచుల్లో కట్టి దానమిచ్చేస్తున్నాం. వాటిలో ఎన్నో పానిపట్ చేరి, చీలికలై, పీచై, గరుకు కంబళ్ళుగా తిరిగి మనకే అమ్ముడవుతున్నాయి.

అందుకే మహదేవపుర మీద ఇంత ఆశ. ఇక్కడి ఫ్లాట్ల అటకల మీద అమ్మమ్మల నూలు చీరలు ఇంకా ఉన్నాయి. దబ్బనం పట్టడం తెలిసిన ఆ అమ్మమ్మలూ ఉన్నారు, మధ్యాహ్నాలు టీవీ ముందు కూర్చొని. గేటు అవతల కౌది కుట్టే స్త్రీలు ఉన్నారు. సంక్రాంతి ముగ్గుల పోటీకి, ఉగాది పచ్చడికి తెరిచే అపార్ట్‌మెంటు హాలును ఒక్క వారం బొంతకు తెరిస్తే, గేటు అవతలి వాళ్ళను కూలి ఇచ్చి గురువులుగా పిలిస్తే, బొంత, కౌది రెండూ ఒకే నేల మీద పిల్లలు చూస్తారు. కడప, కర్నూలులో మాదిరి వైశాఖం దాకా ఆగడానికి మాత్రం లేదు. బెంగళూరులో ఏప్రిల్ చివరికే మామిడి వానలు మొదలవుతాయి. మాఘంలో చీరలు నానబెట్టి గంజి వదిలించాలి, ఫాల్గుణంలో మేడ మీద ఎండలో పొరలు పరవాలి, ఉగాది దాటిన పదిహేను రోజులకు అంచు పట్టీ కూడా పడిపోవాలి.