రద్దు కాగితముపై సంఘకాపరి సంతకము: యెహోషువ 9, నెహెమ్యా 5, ఎజ్రా 10 - ఒక పరిశీలన

నెల్లూరు తీరమందలి పట్టపుపాలెములలో పొసగని కాపురమును పెద్దకాపులు కూర్చుండి తీర్చుట వాడుక. స్టాంపు కాగితముపై ఇద్దరిచేత సంతకాలు చేయించి, పెండ్లి రద్దయినదంటారు. క్రైస్తవ కుటుంబమైతే సాక్షిగా సంఘకాపరినీ పిలుస్తారు. మనలో కొందరు సంతకము చేస్తాము. మరికొందరు మత్తయి 19 చూపి, మోసపోయిన ఆడబిడ్డను సహించుకొమ్మంటాము. ఈ రెండును సరికావని మా అభిప్రాయము.

సహించుకొమ్మనువారు తరచుగా యెహోషువ 9ని ఎత్తి చూపుతారు. గిబియోనీయులు మోసముతో సంపాదించిన నిబంధనను ఇశ్రాయేలు పెద్దలు నిలుపుకొన్నారు గదా! అయితే అక్కడ మోసపోయినవాడు బలవంతుడు. మాట నిలుపుటవలన బలహీనుని ప్రాణము దక్కినది. నెహెమ్యా 5లో పొలములు, బిడ్డలు తాకట్టుపడిన అప్పు ఒప్పందములు కొట్టివేయబడినవి. అక్కడ యాజకులు సాక్షులు. వారి సాక్ష్యము పేదవాని పక్షమున నిలిచినది. ఎజ్రా 10లోనో, పంపివేయబడిన భార్యలలో బిడ్డల తల్లులు ఉన్నారని చివరి వచనమే చెప్పుచున్నది. వారి గతి ఏమాయెనో చెప్పదు. ఆ మౌనమును మనము మాదిరిగా తీసుకొనరాదు. మత్తయి 19 సైతం భార్యను సులువుగా విడిచిపెట్టగోరు పురుషుల ప్రశ్నకు ఇచ్చిన జవాబే. కనుక నిలుపుటా, రద్దు చేయుటా అని కాక, దానివలన ఎవరు కాపాడబడుదురు అని అడుగుటయే వాక్యానుసారము.

చట్టమూ ఈ విషయమున మనకన్న వెనుకబడి లేదు. మోసముతో గాని బలవంతముతో గాని సమ్మతి పొందిన వివాహము చెల్లదని న్యాయస్థానము ప్రకటించుటకు 1869 నాటి విడాకుల చట్టములోనే వీలున్నది. జిల్లా కోర్టు డిక్రీకి హైకోర్టు ధ్రువీకరణ కావలెనను భారమును 2001 సవరణ తొలగించినది. కొన్ని సందర్భములలో, రద్దయిన వివాహమందు పుట్టిన బిడ్డల వారసత్వమును సైతం ఆ చట్టము కాపాడుచున్నది. కతోలిక సంఘ న్యాయస్థానమిచ్చిన రద్దు కూడ సివిల్ కోర్టు డిక్రీకి బదులు కానేరదని సుప్రీంకోర్టు 1996లోను, 2017లోను తేల్చినది. ఇక పెద్దల కాగితమెంత? దానిని నమ్మి మరల పెండ్లాడినవారు నేరస్థులగుదురు.

ఒప్పందముల విషయమూ ఇంతే. రొయ్యల చెరువు గట్టున బయానాకు కట్టుబడిన యానాది కుటుంబమును మాట తప్పవద్దని హెచ్చరించుటకు ముందు, 1976 వెట్టిచాకిరి రద్దు చట్టము అట్టి ఒప్పందమునే గాక ఆ అప్పును కూడ కొట్టివేసినదని కాపరి ఎరిగియుండవలెను.

వివాహ రిజిస్టరులో మనము వ్రాసిన పేర్లను కొట్టివేయు అధికారము మనకు లేదు. కోర్టు మెట్ల వరకు ఆమె వెంట నడచుట మాత్రము మన పరిచర్యయే.