‘అలవాటు’ ఒక వివరణేనా? నిడమనూరు వరిసాగుపై ప్రవర్తనా అర్థశాస్త్ర అన్వయం: ఒక విమర్శ

రైతు వరిని వదలకపోవడానికి అలవాటే కారణమన్న మాట వ్యవసాయ చర్చల్లో తరచుగా వినిపిస్తుంది. ప్రవర్తనా అర్థశాస్త్రం వ్యాప్తిలోకి వచ్చాక ఈ మాటకు ‘యథాస్థితి పక్షపాతం’, ‘నష్టభీతి’ వంటి శాస్త్రీయ నామాలు సమకూరాయి. కానేమన్, ట్వెర్‌స్కీ 1979లో ప్రతిపాదించిన సిద్ధాంతం విలువైనదే. దానిని నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులోని నిడమనూరు రైతుకు అంటగట్టే తీరే విమర్శకు నిలవదు.

పక్షపాతం ఉందని చెప్పాలంటే ముందు ప్రోత్సాహకాల లెక్క తేలాలి. మద్దతు ధర అనేక పంటలకు ప్రకటిస్తున్నా, ఊరి దాకా వచ్చి కొనే యంత్రాంగం ప్రధానంగా వరికే ఉంది. 2018 జనవరి నుంచి సాగుకు 24 గంటల ఉచిత విద్యుత్తు తోడైంది. మిర్యాలగూడ మిల్లులు చేరువలోనే ఉన్నాయి. పైగా చుట్టూ వరి మడులున్నచోట ఒక్కరు కంది వేస్తే ఊటనీటికి వేరు కుళ్ళుతుంది. ఇది రైతు మనసులోని లోపం కాదు, గట్టు అవతలి నీటి సమస్య. పేద రైతు తన వనరుల మేరకు సమర్థుడేనని షుల్ట్జ్ 1964లోనే వాదించాడు.

2021-22 యాసంగి ఇందుకు మంచి పరీక్ష. ఉప్పుడు బియ్యం వివాదం నడుమ వరి వేయవద్దని, కొనుగోలు కేంద్రాలుండవని రాష్ట్ర ప్రభుత్వం హెచ్చరించింది. 2022 ఏప్రిల్ 12న అదే ప్రభుత్వం ధాన్యం కొంటామని ప్రకటించింది. హెచ్చరికను లెక్కచేయక నాటినవారి అంచనాయే నెగ్గింది. కోత సమయానికి ఆ మాటపై నిలబడటం ఏ పాలకుడికీ లాభసాటి కాదు. రైతు దీనిని ముందే గ్రహించాడు. కిడ్‌లాండ్, ప్రెస్కాట్ 1977లో విశ్లేషించిన కాల అసంగతి ఇదే. దీనిని మొండితనంగా చదివిన వ్యాఖ్యాతలు పాలకుల ప్రవర్తనను పరిశీలనలోకే తీసుకోలేదు.

పక్షపాతం అసలు లేదనడం నా ఉద్దేశం కాదు. సన్నరకాలను ఆరబెట్టకుండా పచ్చిగానే మిల్లుకు తోలడంలో తక్షణ లాభాపేక్ష ఉండవచ్చు. 2024 వానాకాలంలో ప్రకటించిన క్వింటాలుకు 500 రూపాయల బోనస్ కొనుగోలు కేంద్రంలో అమ్మినవారికే దక్కుతుంది. అక్కడ తేమ 17 శాతం మించరాదు. ఆరబెట్టడానికి కల్లం, వాన పడితే కప్పడానికి పట్టాలు, త్వరగా చేతికందే సొమ్ము ఉన్న రైతు కూడా మిల్లుకే తోలితే అప్పుడు ‘పక్షపాతం’ అనవచ్చు. ఇవి ఉన్న రైతునూ లేని రైతునూ విడివిడిగా పరిశీలించే క్షేత్ర అధ్యయనం మిర్యాలగూడ ప్రాంతంలో చేయదగినది.